నోరు లేని పొయ్యి

మా ఆయన ఉద్యోగమంతా నిప్పును చంపే గోడలు కట్టాడు. గనిలో మేసన్. బయటివాళ్ళకు ఈ మాట చెబితే, గనిలో బొగ్గు తవ్వుతారు గాని ఇళ్ళు కడతారా, అక్కడ మేస్త్రీకి ఏం పని అంటారు. వాళ్ళకు ఒక సంగతి తెలియదు. మా దగ్గరి బొగ్గు తవ్వి వదిలేసిన చోట గాలి తగులుతూ ఉంటే తనంతట తనే వేడెక్కి ఒకరోజు రాజుకుంటుంది. నీళ్ళు కొడితే ఆరే రకం కాదు. అందుకని ఆ దారికి అడ్డంగా పైకప్పు నుంచి నేల దాకా ఇటుక గోడ కట్టి, సందు లేకుండా సిమెంటు పూసి, సున్నం కొడతారు. లోపల గాలి అయిపోయి నిప్పు చస్తుంది. ఆ గోడను స్టాపింగ్ అంటారు. ఒకసారి మూసిన స్టాపింగును తెరవడానికి వీల్లేదు. తెరిస్తే గాలి దూరి లోపలిది ఒక్కసారిగా లేస్తుంది, ఎదురుగా ఉన్నవాళ్ళు మిగలరు. కట్టినవాడైనా సరే, ఆ గోడ మీద సుత్తి వేయకూడదు.

అలాంటి మనిషిని పట్టుకుని నా తమ్ముడు పొయ్యి కట్టమన్నాడు.

తమ్ముడు కూడా అదే గనిలో పంపు నడిపేవాడు. మా ఆయన రిటైరై ఇంట్లో కూర్చున్న కొన్నేళ్ళకు వాడి వంతు వచ్చింది. వాడు నోరు మూసుకుని ఉండే మనిషి కాదు, ఏదో ఒకటి కావాలి. జ్యోతినగర్‌లో ఎవరో ఇంజనీరు ఇంట్లో దావత్‌కు పోయి, వాళ్ళ తోటలో ఇటుకలతో కట్టిన దిమ్మె మీద కోడి కాలుస్తుంటే చూసి వచ్చాడు. అంతే, ఇక నిద్ర పట్టలేదు. ఫోన్లో వీడియో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, గిది చూడు. బార్బెక్యూ ఐలాండ్ అంటరట. నా రిటైర్మెంట్ దావత్ నీ ఇంటెనుకనే. గిసుంటిది కట్టియ్యాలె."

వీడియోలో ఏదో దేశంలో పచ్చగడ్డి పెరడు, మధ్యలో నడుమెత్తు రాతి గద్దె. గద్దె మీద ఒక పక్క మాంసం కోసుకునే బండ, ఇంకో పక్క బొగ్గులు పోసే గుంట, దాని మీద ఇనుప జాలీ.

"ఐలాండ్ అంటే దీవి గదరా. దీవి అంటే చుట్టూ నీళ్ళుండాలె. మనకు నల్లానే దినం ఇడిసి దినం వస్తది," అన్నాను.

"నీ నల్లా సంగతి నాకెందుకే. బావ చేతి గోడ కావాలె నాకు. కంపెనీకి అన్ని కట్టిండు, బామ్మర్దికి ఒక్కటి కట్టడా?"

నేను సరే అన్నాను. కాల్చిన కోడి మీద మోజుతో కాదు. అసలు కారణం చెప్పాలంటే పాత సంగతి ఒకటి చెప్పాలి.

చాలా ఏళ్ళ కింద, ఒక సెకండ్ షిఫ్టులో, గనిలో ఒకచోట నిప్పు పుట్టింది. మనుషులందరినీ బయటికి పంపించామనుకుని మా ఆయన చేత గోడ మూయించారు. మూసిన తర్వాత మళ్ళీ లెక్క చూస్తే ఒక మనిషి తక్కువ. ఆ మనిషి నా తమ్ముడు. పంపు దగ్గర ఉండాల్సినవాడు ఎక్కడా లేడు. గోడ తెరవడానికి లేదు. అందరూ వాడు లోపలే ఉండిపోయాడనుకున్నారు. దాదాపు గంట తర్వాత తెలిసిందేమిటంటే, వాడు పొగ వాసన తగలగానే వేరే దారిన ఎక్కి పైకి వచ్చేసి, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా క్యాంటీన్లో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మిర్చీ బజ్జీలు కూడా తిన్నాడట.

ఆ రోజు నుంచి అది వాడికి ఒక కథ అయింది. పెళ్ళిలో చెప్పేవాడు, పుట్టినరోజులో చెప్పేవాడు, చావింట్లో కూడా పదకొండో రోజు భోజనాల దగ్గర చెప్పేవాడు. "రాఖీకి అక్కకు మంచి చీర పెట్టలేదని మా బావ నన్ను బతికుండంగనే గోడల పెట్టి మూసిండు," అనేవాడు. విన్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. మా దగ్గర బావా బామ్మర్దులంటే మజాక్ చేసుకోవాల్సిందే. ఎంత అన్నా కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకుంటే వాడు మనిషే కాదంటారు. అందుకని మా ఆయన ఏమీ అనేవాడు కాదు. నవ్వేవాడూ కాదు.

మెల్లగా ఆయన తమ్ముడితో కూర్చోవడం మానేశాడు. వాడు గడప దాటి లోపలికి వస్తే ఈయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళేవాడు. దసరాకు యాట కూర వండి పిలిస్తే ఈయన కావాలని డ్యూటీకి పోయేవాడు. రాఖీ పున్నమి రోజు ఈయనకు బజారులో ఏదో పని పడేది. రిటైరయ్యాక డ్యూటీ అనే వంక కూడా పోయింది గనక వెళ్ళి మంగలి షాపులో కూర్చునేవాడు. నెత్తిన ఉన్నవే నాలుగు వెంట్రుకలు, వాటికి అంతసేపా అని నేను తిట్టేదాన్ని. తమ్ముడేమన్నా ఎడ్డివాడా? వాడికీ అర్థమైంది. "నేనేం పాపం చేసిన అక్కా? బావకు నా మొకం చూడ బుద్ధైతలేదా?" అని ఒకసారి నా ముందు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత వాడూ రావడం తగ్గించాడు.

ఇప్పుడు రిటైరైతే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. వాడు జగిత్యాల దిక్కు వాళ్ళ అత్తగారి ఊర్లో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడికి పోతే ఇక ఏడాదికొకసారి కనబడితే గొప్ప. పోయే ముందు వాళ్ళిద్దరూ ఒక్కసారి పక్కపక్కన కూర్చుని తింటే చాలు అనుకున్నాను. నాకున్నది ఒక్క తమ్ముడు, ఒక్క మొగుడు. ఇద్దరి మధ్య నలిగి నలిగి నాకు విసుగు వచ్చింది.

మా ఆయన్ను అడగడానికి భయపడ్డాను. ఆయన మాత్రం తింటున్న కంచంలోంచి తల ఎత్తకుండా, "వానికేనా? కడత," అన్నాడు. అంత జల్దీ ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు.

మర్నాడు అటక మీది నుంచి తాపీ దించాడు. రిటైరైన రోజు పాత డ్యూటీ చొక్కాలో చుట్టి పెట్టిన తాపీ అది. అప్పటి నుంచి ముట్టుకోలేదు. ఇటుకల దగ్గర పెద్ద పేచీ పెట్టాడు. ఇక్కడ దొరికేవన్నీ పవర్ ప్లాంటు బూడిదతో చేసిన ఇటుకలు. అవి నిప్పుకు పనికిరావని, కమాన్‌పూర్ దిక్కు బట్టీ నుంచి ఎర్ర ఇటుకలు ఆటోలో వేయించుకుని వచ్చాడు. లోపలి గుంటకు వేడి తట్టుకునే పాత కొలిమి ఇటుకలు కావాలని బసంత్‌నగర్‌లో పాత సామాన్ల దుకాణం చుట్టూ తిరిగాడు. పైన పరచడానికి కరీంనగర్ గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చాడు. ఇంత హంగామా మా ఇల్లు కట్టినప్పుడు కూడా చేయలేదు.

పనిలో ఉంటే ఆయన మాట్లాడడు. ఇటుకలు డ్రమ్ములో నానబెట్టడం, ఒక్కొక్కటి తీసి తాపీ పిడితో తట్టి చూడడం, తూకం గుండు వేలాడదీసి ఒక కన్ను మూసుకుని చూడడం, అంతే. మోకాళ్ళు సహకరించకపోతే పీట వేసుకున్నాడు. చాయ్ తెస్తే, "ఆడ పెట్టు," అనేవాడు. చల్లారిపోయాక తాగేవాడు. వరుస మీద వరుస లేస్తుంటే వెనకింటామె గోడ మీది నుంచి చూసి, "ఎవల సమాధక్కా గది?" అంది. నీ అత్తది అందామనుకున్నాను, పాపం ఆమె అత్త మంచిది.

పక్కింట్లో ఉండే కార్ల మెకానిక్ జాలీ వెల్డింగ్ చేసి ఇచ్చాడు. వాళ్ళు ఇంట్లో దక్కనీ మాట్లాడుకుంటారు, మాతో తెలుగే. ఆయన పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"అన్నా, హవాకు జాగ ఇడిసినవా? గీడ కింద ఒక నోరుండాలె. హవా గుంజాలె, బూడిద దియ్యాలె."

"ఎర్కే," అన్నాడు మా ఆయన.

నిజంగానే ముందు గోడలో కింద నోరు విడిచాడు. నా కళ్ళతో చూశాను. మా వీధిలో తిరిగే పిల్లి ఒకటి మధ్యాహ్నం పూట దాంట్లో దూరి పడుకునేది కూడా. ఆయన దాన్ని వెళ్ళగొట్టేవాడు కాదు.

సిమెంటు పూసిన రోజు నేను పిండి పట్టించడానికి గిర్నీకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. నున్నగా, అద్దంలాగా పూశాడు. రెండు రోజులు తడిపి, ఆరాక సున్నం కూడా కొట్టాడు. ఆ సాయంత్రం అగరుబత్తి వెలిగించి గద్దె దగ్గర వంగాడు.

"పూజ గూడ చేస్తున్నవా?" అని నవ్వాను.

పూజ కాదు. అగరుబత్తిని గోడ వెంట, మూలల వెంట మెల్లగా జరుపుతూ పొగ ఎటు పోతుందో చూస్తున్నాడు. చుట్టూ తిరిగి వచ్చి నడుము పట్టుకుని లేచి, "ఏడా లీకు లేదు," అన్నాడు. ఆయన ముఖంలో అంత తృప్తి చూసి ఎన్ని ఏళ్ళయిందో. నాకూ సంతోషమనిపించింది. పొయ్యికి లీకు లేకపోవడమేమిటని నాకు అప్పుడైనా వెలగలేదు. మర్నాడు పిల్లి వచ్చి ముందు గోడను వాసన చూసుకుంటూ అటూ ఇటూ తిరిగితే, దానికి సున్నం వాసన పడలేదనుకుని అదిలించాను.

దావత్ ఆదివారం పెట్టుకున్నాం. కాల్చడానికి కట్టెల బొగ్గు కావాలి. చుట్టూ బొగ్గు గనులు పెట్టుకుని, బొగ్గు కోసం ఊరంతా తిరిగి, చివరికి ఇస్త్రీ పెట్టే అతని దగ్గర బతిమాలి ఒక సంచి తెచ్చుకున్నాం. గని బొగ్గు వేస్తే మాంసం తినలేం, అది మాకు ఎప్పటి నుంచో తెలుసు. కోడి ముక్కలు పొద్దున్నే పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి పెట్టాను.

మధ్యాహ్నానికి తమ్ముడు, మరదలు, వాడితో పంపు మీద పనిచేసిన నలుగురు వచ్చారు. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. మంగలి షాపు మాటే ఎత్తలేదు. నాకు ఎంతో సంబరమనిపించింది. తనే బొగ్గులు పోసి, కిరసనాయిలు గుడ్డతో అంటించాడు. ఎర్రగా రాజుకున్నాయి. జాలీ మీద ముక్కలు పరిచాం. వీడియోలో చూపించినట్టు తమ్ముడు పైన రేకు మూత పెట్టాడు.

కాసేపు పొగ వచ్చింది. తర్వాత తగ్గింది. తర్వాత అసలే లేదు. మూత తీస్తే కింద బొగ్గులు నల్లగా ఉన్నాయి, ముక్కలు పచ్చిగా నీళ్ళు కారుతున్నాయి. మళ్ళీ అంటించారు. మళ్ళీ ఆరిపోయింది. తమ్ముడు నా చేట తీసుకుని పైనుంచి విసిరాడు, ఎగిరిన బూడిద మాంసం మీద పడింది. అందరూ తలా ఒక ఉపాయం చెప్పారు. బొగ్గు తడి ఉందన్నారు, ఇస్త్రీ అతను మోసం చేశాడన్నారు.

మెకానిక్ గోడ అవతల నుంచి తొంగి చూశాడు. "అన్నా, నోరేది?" అన్నాడు.

అందరం ముందు గోడ వైపు చూశాం. తెల్లగా, నున్నగా, పై నుంచి కింది దాకా ఒకటే గోడ. నోరు లేదు.

తమ్ముడు పగలబడి నవ్వాడు. "అరే, మా బావకు అలవాటు పోలేదురా! మళ్ళ మూసిండు! ఈసారి నేను బయటనే ఉన్న, లెక్క చూసుకోండ్రి!"

వాడి వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన వంగి, నోరు ఉండాల్సిన చోట అరచెయ్యి ఆనించి ఉన్నాడు.

"నేను మూసిన్నా?" అని నన్ను అడిగాడు. "ఎప్పుడు మూసిన?"

నాకేం తెలుసు? నేను గిర్నీ దగ్గర ఉన్నాను. సిమెంటు పూస్తూ పూస్తూ ఆయన చేతులే రెండు ఇటుకలు తీసి అక్కడ పెట్టేసి ఉంటాయి. ఆయనకు తెలియను కూడా తెలియదు.

ఆయన లేచి నిలబడ్డాడు. తమ్ముడి వైపు తిరిగాడు.

"ఆ దినం క్యాంటీన్ల ఏం తిన్నవురా?"

"మిర్చీలు బావా," అన్నాడు తమ్ముడు, నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే.

"నువ్వు మిర్చీలు తింటున్నప్పుడు నేను గోడకు చెవు పెట్టి నిలబడ్డ. గోడ వెచ్చగుండె. లోపల కొడుతున్నట్టు సప్పుడు ఇనబడ్డది. బొగ్గు పగిలే సప్పుడే కావచ్చు. నాకు మాత్రం నువ్వే కొడుతున్నట్టు ఇనబడ్డది. సుత్తి పట్టిన. పగలగొడితే అందరం సస్తమని ఇద్దరు నన్ను గుంజి పట్టుకున్నరు."

మా ఆయన గొంతు పెంచలేదు. ఇసుక ఎంత, సిమెంటు ఎంత అని చెప్పేటప్పుడు ఎలా చెబుతాడో అలాగే చెబుతున్నాడు.

"ఇగ నువ్వు పోయినవనే అనుకున్న. మీ అక్కకు ఏమని చెప్పాలె అని ఆడ్నే నిలబడి మాటలు కూడబెట్టుకున్న. నేనే మూసిన, నీ తమ్ముడు లోపలున్నడు అని, ఎట్ల మొదలువెట్టాలె, ఎట్ల చెప్పాలె అని. గంట సేపు గదే పని. గంతల నువ్వు బతికే ఉన్నవన్నరు. పైకొస్తే నువ్వు నవ్వుకుంట ఎదురొచ్చినవ్. మంచిదే. గాని గా మాటలు నాకు నోట్లకెళ్ళి పోలేదురా. నీ మొకం చూసినప్పుడల్లా గవే వస్తయి. ఏడ బయటపడ్తయో అని లేచిపోత. నీ మీద కోపంతోటి కాదు."

నేను ఇంటి గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఒక్క మాట నాకు చెప్పలేదు. నాకు చెప్పాల్సిన మాటలు అవి, నాకే చెప్పకుండా మోసుకు తిరిగాడు. ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది.

తమ్ముడు చేతిలోని చేట మెల్లగా కింద పెట్టాడు.

మా ఆయన లోపలికి వెళ్ళి సుత్తి, ఉలి తెచ్చాడు. పీట వేసుకుని ముందు గోడకు ఎదురుగా కూర్చున్నాడు. సుత్తి ఎత్తి కాసేపు అలాగే ఆగాడు. కట్టిన గోడను తన చేతులతో పగలగొట్టడం ఆయనకు అదే మొదటిసారి. తర్వాత కొట్టాడు. సున్నం రాలింది, సిమెంటు పెచ్చు లేచింది, ఒక ఇటుక లోపలికి పడింది. గాలికి అంత చాలు.

"చాలు, ఇగ చాలు," అన్నాను.

ఆయన ఆపలేదు. రెండో ఇటుక, మూడో ఇటుక. కావాల్సిన నోరు కంటే పెద్దదే తెరిచాడు. ఇటుక ముక్కలన్నీ లోపలికి పడి దారి పూడుతోంది. అప్పుడు తమ్ముడు కదిలాడు. పై జాలీ ఎత్తి పక్కన పెట్టాడు, ఆరిన బొగ్గులు చేటతో తోడేశాడు, వాటిని మోసే అడుగు చువ్వలు తీసేశాడు. గద్దె మీద బోర్లా పడుకుని, తల భుజం గుంటలోకి దించి, చెయ్యి అడుగు దాకా చాపి ఇటుక ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఇటువైపు నుంచి మా ఆయన చెయ్యి నోట్లోంచి లోపలికి పోయింది. ఆయన కూడా ముక్కలు తీస్తున్నాడనే అనుకున్నాను.

ఆయన చెయ్యి లోపలే ఆగిపోయింది.

"ఉన్నవారా?" అన్నాడు గోడతో.

లోపలి నుంచి తమ్ముడి గొంతు గుయ్యిమంటూ వచ్చింది. "ఉన్న బావా."

మా ఆయన లోపల దొరికిన వాడి చెయ్యి వదల్లేదు. తమ్ముడు, "బావా, నడుము పట్టేసింది, ఇడువు," అని చాలాసేపటి తర్వాత అన్నాడు. అప్పుడు కూడా వెంటనే వదల్లేదు. వాడు పైకి లేచేసరికి బట్టలన్నీ మసి, ముఖమంతా మసి, కళ్ళ కింద మాత్రం గీతలు. మరదలు కొంగుతో తుడవబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

మళ్ళీ నిప్పు రాజేసే ఓపిక ఎవరికీ లేదు. కోడి ముక్కలు కడిగి లోపలికి తీసుకుపోయి గ్యాస్ మీద పులుసు పెట్టాను. ఉప్పు కొంచెం ఎక్కువైంది. వాళ్ళిద్దరికీ చాప మీద పక్కపక్కనే కంచాలు పెట్టి వడ్డించాను. తమ్ముడు ఏ కథా చెప్పలేదు. మా ఆయన రెండోసారి అన్నం వేయించుకున్నాడు. లేచిపోలేదు.